డెడ్‌లిఫ్ట్‌లో రాడ్డు జారిపోతోంది: మా జిమ్‌లో ఉన్న సామానుతోనే చేతిపట్టు పెంచుకోవడం ఎట్టా?

టంగుటూరు కుర్రోడు

అన్నలందరికీ నమస్తే. మాది టంగుటూరు దగ్గర పల్లె. హైవే పక్కన రెండు షట్టర్లు కలిపి పెట్టిన జిమ్‌కి పోతున్నాను. పొడుగు రాడ్డు ఒకటి, పొట్టివి రెండు, డబ్ల్యూ రాడ్డు ఒకటి, 2.5 నుంచి 20 దాకా ఇనప ప్లేట్లు, 25 కిలోల దాకా రబ్బరు డంబెల్స్, తాడు తెగితే ముడేసిన కేబుల్ మెషిన్. అంతే. పుల్ అప్స్‌కి గోడకి బిగించిన జీఐ నీళ్ల పైపు ఉంది, ఒకటిన్నర అంగుళం సైజు. లావుగా ఉండి చేతులు జారిపోతాయని దాని జోలికి ఎవరూ పోరు. ఫ్యాను కింద నిలబడ్డా చేతులకి చెమట ఆగదు, మన కోస్తా ఉక్కపోత సంగతి తెలిసిందే కదా.

నా సమస్య ఏంటంటే డెడ్‌లిఫ్ట్, అదే నేల మీది రాడ్డు పట్టుకొని నిటారుగా లేచి నిలబడటం. నడుము, కాళ్లు బాగానే లాగుతున్నాయి. 110 కిలోలు పెడితే మాత్రం రాడ్డు మోకాళ్లు దాటేసరికి ఎడమ చేతి చిటికెన వేలు తెరుచుకుంటుంది, వెంటనే ఉంగరపు వేలు. ఇక రాడ్డు నేల మీదే. చేతికీ రాడ్డుకీ కలిపి చుట్టే పట్టీలు, అదే స్ట్రాప్స్ చుట్టుకుంటే 130 కూడా లేస్తోంది. అంటే లోపం చేతిలోనే ఉందని అర్థమైంది.

ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ హ్యాండ్ గ్రిప్పర్ తెప్పించా. 60 కిలోల దాకా తిప్పుకోవచ్చని రాసుంది. టీవీ చూస్తా వంద నొక్కుతున్నా, రాడ్డు దగ్గర తేడా ఏమీ లేదు. చాక్ పౌడర్ వాడతానంటే జిమ్ ఓనరన్న మ్యాట్లు తెల్లబడతాయని ఒప్పుకోవట్లేదు. ఇంకా డబ్బులు పెట్టి కొనే ఓపిక లేదు. రైల్వే గ్రూప్ డి ఫిజికల్ కూడా ఉంది ముందు. ఉన్న సామానుతోనే ఏదైనా దారి చెప్పండి.

కావలి ఎక్స్‌ప్రెస్

స్ట్రాప్స్ వేసుకో బ్రో, గొడవ వదిలేయ్. వీపు పెంచుకోవడానికి చేస్తున్నావా, వేళ్లు పెంచుకోవడానికి చేస్తున్నావా? పిడికిలి బలంతో ఈ కాలంలో ఎవరికి ఏం పని, పచ్చడి సీసా మూత తియ్యడానికి తప్ప.

చీమకుర్తి రాయి

కావలి తమ్ముడి మాట పూర్తిగా తీసేయదగ్గది కాదు, స్ట్రాప్స్ సంగతి చివర్లో చెప్తా. నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో చేస్తా, సాయంత్రం ఒంగోల్లో జిమ్. పొద్దంతా రాళ్లు, రాత్రయితే ఇనుము. మా ఆవిడ నన్ను మనుషుల లెక్కలోంచి ఎప్పుడో తీసేసింది.

ఏ ఎక్సర్‌సైజూ మొదలుపెట్టకముందు నీ ఎడమ అరచేయి ఒకసారి చూసుకో అబ్బాయ్. కాయలు యాడ కాసినాయి? వేళ్లు మొదలయ్యే చోట వరసగా ఉంటే సరే. అట్టా కాకుండా అరచేతి నడిమధ్యలో, గీతల మీద కాసి ఉంటే మాత్రం నీ చిక్కులో సగం బలానిది కాదు, రాడ్డు పెట్టే చోటుది. చాలామంది గట్టిగా పట్టుకోవాలన్న ఆత్రంతో రాడ్డుని అరచేతి లోపలికంటా పెట్టి పిడికిలి బిగిస్తారు. బరువు నేల వదిలేసరికి రాడ్డు ఊరుకోదు, వేళ్ల మొదటికి జారుతుంది. జారేటప్పుడు తోలుని మడతపెట్టి నలుపుతుంది, కాయలు చినిగేది అందుకే. అది జారినంత మేరా నీ వేళ్లు తెరుచుకుంటాయి. అన్నిటికంటే పొట్టిది, బలం తక్కువది చిటికెన వేలు కాబట్టి ముందు అదే చేతులెత్తేస్తుంది. నువ్వు రాసింది అచ్చం అదే. కాబట్టి ఎట్టాగూ రాడ్డు పోయి కూర్చునే చోటులోనే మొదటనుంచీ పెట్టు. వేళ్ల మొదట్లో ఆనించి, వేళ్లు చుట్టి, బొటనవేలు చూపుడు వేలి మీదకి తెచ్చి నొక్కు. ఈ ఒక్క మార్పుతో నీకు 110 ఆగినా నేను ఆశ్చర్యపోను.

ఇంకో పట్టు ఉంది. బొటనవేలిని ముందు రాడ్డుకి చుట్టి, దాని మీద చూపుడు వేలు, మధ్య వేలు వేసి బంధించడం. వెయిట్‌లిఫ్టింగ్ వాళ్లు ఇట్టానే పడతారు. మన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది చూడు, ఆ ఆటంతా ఈ పట్టు మీదే నడుస్తుంది. లాగిన ఊపుకి రాడ్డు వేళ్లల్లో దొర్లకుండా బొటనవేలు అడ్డం పడుతుంది. మొదట్లో బొటనవేలు పచ్చి పుండులా సలుపుతుంది, తక్కువ బరువుతో అలవాటు చేసుకో. నచ్చకపోతే వదిలేయ్, తప్పనిసరి ఏం కాదు.

ఇక గ్రిప్పర్. అది చెడ్డదని కాదు, నీ పని దానిది కాదు. గ్రిప్పర్‌లో వేళ్లు కదులుతాయి, నొక్కుతావు, వదులుతావు. రాడ్డు దగ్గర వేళ్లు కదలకూడదు, బిగిసి ఉండాలి. పైగా వంద నొక్కగలుగుతున్నావంటే అది బలం పెంచే బరువు కాదు, ఓర్పు పెంచేది. ఆ ప్లాస్టిక్ మరమీద రాసిన 60 కిలోలని నమ్మొద్దు.

మా ఫ్యాక్టరీలో కటింగ్ అయ్యి పాలిష్ పట్టిన ముక్కలు మోసే వాళ్ల చేతులు చూస్తే నీకు ఇంకో సంగతి తెలుస్తుంది. వాళ్లకి పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. ఒక పక్క నాలుగు వేళ్లు, ఇంకో పక్క బొటనవేలు, మధ్యలో అద్దం లాంటి రాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క ఐదున్నర కిలోలు అటూఇటూగా తూగుతుంది. రెండు ముక్కలు గరుకు వైపులు కలిపి, నున్నటి వైపులు బయటికి పెట్టి ఒంటిచేత్తో పైనుంచి పట్టి లేపమంటే డంబెల్ వీరులు చాలామంది నవ్వుతా వచ్చి ముఖం మాడ్చుకొని పోయారు. మొత్తం కలిపి పదకొండు కిలోలే. అక్కడ చుట్టుకోవడం లేదు, నొక్కడమే, ఆ నొక్కుడులో సగం వాటా బొటనవేలిది. జిమ్ముల్లో బొటనవేలికి పని పెట్టే మిషనే ఉండదు.

నీ జిమ్‌లో దానికి బదులు ఇనప ప్లేట్లున్నాయి. రెండు ఐదు కిలోల ప్లేట్లు, నున్నటి వైపులు బయటికి ఉండేట్టు కలిపి, ఒంటిచేత్తో పైనుంచి చిటికేసినట్టు పట్టుకొని పక్కన వేలాడదీసి నిలబడు. ఇరవై సెకన్లు నిలిస్తే మధ్యలో ఇంకో రెండున్నర ప్లేటు చేర్చు. రెండు పది కిలోల ప్లేట్లు ఒంటిచేత్తో అట్టా పట్టుకోగలిగిన రోజు నువ్వు మా ఫ్యాక్టరీకి రా, టీ నాది. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. పాదాలు ప్లేట్ల కింద పెట్టొద్దు, చెప్పులతో అసలు చేయొద్దు. చెమట చేతుల్లోంచి ప్లేటు జారేటప్పుడు చెప్పి జారదు.

టంగుటూరు కుర్రోడు

అన్నా, చూసుకున్నా. ఎడమ చేతిలో కాయలు నువ్వన్నట్టే నడిమధ్యలో ఉన్నాయి, కుడి చేతిలో మాత్రం వేళ్ల మొదట్లో! ఈ తేడా ఇన్నాళ్లూ నా కంటికే ఆనలేదు. ఇంకో రెండు అనుమానాలు. ఒక చేయి బోర్లా, ఒక చేయి వెల్లకిలా పెట్టి లాగితే జారదని మా జిమ్‌లో ఒకన్న అంటున్నాడు, నిజమేనా? గోడకున్న ఆ లావు పైపుకి ఏదైనా గుడ్డ చుట్టి సన్నగా... అదే, పట్టు దొరికేట్టు చేసుకోవచ్చా?

చీమకుర్తి రాయి

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పెడితే జారదు, నిజమే. ఒక చేతిలోంచి బయటికి దొర్లే రాడ్డు ఇంకో చేతిలోకి దొర్లుతుంది, లెక్క సరిపోతుంది. ఆ కారణంగానే చేతిపట్టుకి పని తగ్గుతుంది కూడా. పోటీ రోజున, బరువు బాగా ఎక్కువున్నప్పుడు వాడుకో. వెల్లకిలా పెట్టిన చేయి మోచేతి దగ్గర కొంచెం కూడా వంచొద్దు, బరువు మీద వంచితే కండ మొదలు తెగిన వాళ్లున్నారు. మామూలు సెట్లు మాత్రం రెండు చేతులూ బోర్లా పెట్టే లాగు.

ఇక ఆ పైపు. ఒరే నాయనా, దాన్ని సన్నం చేస్తానంటావేంది! ఒకటిన్నర అంగుళం జీఐ పైపు అంటే అది లోపలి లెక్క, బయట కొలిస్తే 48 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్ద జిమ్ముల్లో లావు బార్ అని ప్రత్యేకంగా కొని పెట్టేది రెండు అంగుళాలు, అంటే 50. మంచి వెయిట్‌లిఫ్టింగ్ రాడ్డు మగవాళ్లది 28, ఆడవాళ్లది 25. వేలకి వేలు పోసి కొనే సరుకు మీ ఓనరు గోడకి ఊరికే బిగించి పెట్టాడు, మీరంతా దానికి మొహం చాటేసి తిరుగుతున్నారు.

లావు కడ్డీ ఎందుకు కష్టమంటే, సన్న రాడ్డు మీద బొటనవేలు వచ్చి వేళ్ల మీద తాళం వేస్తుంది. లావు దాని మీద బొటనవేలు వేళ్లని అందుకోలేదు, తాళం పడదు. ప్రతి వేలూ తన బతుకు తాను బతకాలి. పాతకాలంలో ఇంగ్లండులో థామస్ ఇంచ్ అని ఒక బలశాలి ఉండేవాడు. ఆయన డంబెల్ 172 పౌన్లు, మన లెక్కలో 78 కిలోలు. జిమ్‌లో 78 కిలోలు రెండు చేతుల్తో ఎత్తే వాళ్లు కోకొల్లలు. దాని పిడి మాత్రం రెండుంపావు అంగుళాల పైన లావు, పైగా గుండ్లూ పిడీ ఒకే పోత. లేపబోతే మొత్తం డంబెల్ చేతిలో తిరగబడుతుంది. దాన్ని ఒంటిచేత్తో నేల వదిలించలేక పేరున్న మల్లులు బోలెడు మంది భంగపడ్డారు.

నువ్వు చేయాల్సింది ఆ పైపుకి రెండు చేతులతో ఊరికే వేలాడటం. పుల్ అప్ వద్దు. భుజాలు చెవుల దాకా పోనీకుండా కొంచెం కిందికి బిగించి వేలాడు. అరనిమిషం ఆగితే మంచిదే, పావునిమిషానికే జారిపోయినా మంచిదే, అక్కణ్ణించే మొదలు. నిమిషం దాటిందంటే సమయం పెంచుకుంటా పోవద్దు, నడుముకి చిన్న ప్లేటు కట్టు.

దాని తర్వాత తువ్వాలు. చీరాల వైపు నేసిన మందపాటి తువ్వాలు ఒకటి తీసుకో, పల్చటి టర్కీ టవల్ కాదు, అది సాగి జారుతుంది. పైపు మీద వేసి రెండు కొసలూ చెరొక చేత్తో పట్టుకొని వేలాడు. రాడ్డు అయితే గట్టిది, నీ వేళ్లకి ఎదురు నిలుస్తుంది. గుడ్డ నలిగిపోతుంది, ఎంత నొక్కితే అంత లోపలికి పోతుంది, పూర్తిగా పిడికిలి మూసి పట్టాల్సి వస్తుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తప్పించుకునే వీల్లేదు. నీకు పోయేవి ఆ రెండేగా, మందు ఇదే. వేలాడలేకపోతే 20 కిలోల ప్లేటు కన్నంలోంచి తువ్వాలు దూర్చి, రెండు కొసలూ ఒకే చేత్తో పట్టుకొని జిమ్ ఈ మూల నుంచి ఆ మూలకి నడువు. వేలాడే ముందు తువ్వాలు అంచులు చూసుకో, చిరుగుంటే పడేది నువ్వే.

అన్నిటికంటే తేలికది, ఎవరూ చేయనిది ఇంకోటి ఉంది. డెడ్‌లిఫ్ట్ ఆఖరి సెట్టులో ఆఖరిసారి పైకి లేచాక రాడ్డు దించకుండా అట్టానే నిలబడి పదీ పదిహేను సెకన్లు పట్టుకో. దీనికి సామానూ అక్కర్లేదు, విడిగా సమయమూ అక్కర్లేదు.

నెల్లూరు ఫిజియో

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు పొగతోటలో ఫిజియోథెరపిస్టుని. చీమకుర్తి అన్నయ్య చెప్పిన వాటిల్లో నేను కాదనేది ఏమీ లేదు, కానీ ఇలాంటివి చదివి రోజూ చేసేసి మోచేయి పట్టుకుని మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లని చూస్తుంటాను కాబట్టి రాస్తున్నాను.

వేళ్లని మూసే పెద్ద కండలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. మీ కుడిచేత్తో ఎడమ ముంజేతిని మోచేయి కింద గట్టిగా పట్టుకుని, ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ఆడించి చూడండి, ఏ వేలు కదిపితే ఎక్కడ కదులుతోందో మీ చేతికే తెలుస్తుంది. ఆ కండల నుంచి తొమ్మిది స్నాయువులు, అంటే కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి, వాటితో పాటు ఒక నరం, మణికట్టు దగ్గర ఒక ఇరుకు సందులోంచి వేళ్లకి వెళ్తాయి. కండకి రక్తం బాగా అందుతుంది, త్వరగా బలపడుతుంది. స్నాయువు అలా కాదు, చాలా నెమ్మది. నెలరోజుల్లో పట్టు పెరిగిందని సంతోషపడి బరువు రెట్టింపు చేసేస్తే ముందు మొరాయించేది స్నాయువే, మోచేయి లోపలి వైపు ఎముక దగ్గర. అందుకే పట్టు వ్యాయామాలు వారానికి రెండుసార్లు చాలు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. అది కూడా మిగతా వ్యాయామం అయిపోయాక చివర్లో. ముందే వేళ్లు అలసిపోతే రాడ్డు జారడం ఖాయం.

మణికట్టు సంగతి ఎవరూ రాయలేదు. ఇప్పుడే చేసి చూడండి. మణికట్టుని పూర్తిగా లోపలికి వంచి, అలాగే ఉంచి పిడికిలి బిగించండి. బిగియదు. అదే మణికట్టుని కొద్దిగా వెనక్కి, అరచేయి ఎదుటివాళ్లకి కాస్త కనపడేట్టు పెట్టి బిగించండి. తేడా మీకే తెలుస్తుంది. ప్లేట్లు పట్టుకునేటప్పుడు చాలామంది మణికట్టు లోపలికి ముడిచేస్తారు, అక్కడే సగం బలం పోతుంది.

ఎప్పుడూ మూసే పనే కాకుండా వేళ్లు తెరిచే కండలకీ కొంచెం పని పెట్టండి. కూరగాయల కవర్లకి వేసే రబ్బరు బ్యాండ్లు రెండు మూడు కలిపి ఐదు వేళ్ల కొసలకీ తగిలించి, వేళ్లు విప్పి, నెమ్మదిగా మూయండి. ఇది రోజూ చేసినా ఫర్వాలేదు.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలిలో తిమ్మిర్లు వస్తే, రాత్రిళ్లు ఆ తిమ్మిరికి మెలకువ వస్తుంటే ఆపేసి చూపించుకోండి. పొద్దున లేవగానే వేలు వంగి ఇరుక్కుని, టక్కుమని తెరుచుకుంటుంటే అది కూడా. షుగర్ ఉన్నవాళ్లలో ఈ రెండూ ఎక్కువ. బీపీ ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఊపిరి బిగపట్టి పిడికిలి పట్టకండి. బిగించి పట్టినంతసేపూ బీపీ పైకి వెళ్తుంది, గాలి వదులుతూ పట్టండి.

కావలి తమ్ముడికి: పిడికిలి బలంతో ఏం పని అన్నారు కదా, మా దగ్గర దాన్ని కొలిచే పరికరమే ఉంటుంది. ఆసియా వాళ్ల కోసం 2019లో నిపుణుల బృందం పెట్టిన లెక్క ప్రకారం మగవాళ్లకి 28 కిలోలు, ఆడవాళ్లకి 18 కిలోల కంటే తక్కువొస్తే ఒంట్లో కండ బలం తగ్గిందని అనుమానిస్తాం. పదిహేడు దేశాల్లో, మన దేశంతో సహా, సుమారు లక్షా నలభై వేల మందిని చూసి 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన అధ్యయనంలో పట్టు తక్కువున్న వాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. పిడికిలి నొక్కితే ఆయుష్షు పెరుగుతుందని దానర్థం కాదు. ఒంటి పరిస్థితిని చెయ్యి బయటపెడుతుంది, అంతే.

కావలి ఎక్స్‌ప్రెస్

మేడమ్, ఇప్పుడే మణికట్టు వంచి బిగించి చూశా. నిజంగానే బిగియలేదు. పచ్చడి సీసా మాట వెనక్కి తీసుకుంటున్నా.

రొయ్యల చెరువు

అబ్బయా, మేము ముత్తుకూరు సైడు. చెరువుల మీద మేత బస్తాలు, ఏరియేటర్లు ఎత్తేది, వల లాగేది మా పని. తడి నైలాన్ తాడు లాగి చూడు, ఏ జిమ్మూ చాలదు. ఆ పని నీకు దొరకదు కాబట్టి మేము ఖాళీలో చేసుకునేది చెప్తుండా.

మీ గోడ పైపు లాంటిదే ఒకటిన్నర అడుగు ముక్క, ప్లంబరు దగ్గర బో ఉంటాయి మిగిలిపోయినవి, ఒకటి ఇమ్మని అడుగు, ఊరికే ఇస్తాడు. నడిమధ్య బెజ్జం వేయించి నైలాన్ తాడు దూర్చి ముడెయ్. తాడు రెండో కొసకి ప్లేటు కట్టు. చేతులు ముందుకి చాపి పైపుని ముందుకి తిప్పతా తాడు చుట్టుకో, ప్లేటు పైకొస్తాది. తర్వాత అదే నిదానంగా విప్పతా దించు. దించేటప్పుడు దభీమని వదిలేస్తే చేసిందంతా బూడిదలో పోసినట్టే. చేతులు చాపితే ముంజేతికంటే ముందు భుజాలు నొప్పెడుతున్నాయి అంటే, బెంచీ మీద నిలబడి చేతులు కిందికి దించి చెయ్. రెండున్నర కిలోలతో మొదలుపెట్టు, నవ్వొస్తాది కానీ రెండోసారికి నవ్వు ఆగిపోద్ది.

ఇంకోటి ఇసక బక్కెట్టు. ఖాళీ పెయింటు బక్కెట్లో ఇసక పోసి, మణికట్టు దాకా చేయి దించి లోపల పిడికిలి ముయ్, తెరువ్, తిప్పు. మేడమ్ చెప్పిన తెరిచే కండలకి ఇది కూడా పని చేస్తాది. ఏటి ఇసక అయితే మంచిది, సముద్రం ఇసక అయితే ఉప్పుకి కాయల చీలికలు మండతాయి. పెద్ద జిమ్ముల వాళ్లు బియ్యంలో చేస్తారంట. మా ఇంట్లో మొలగొలుకుల బియ్యంలో చేయి పెట్టి పిసుకుతుండానని అమ్మకి తెలిస్తే ఆ బక్కెట్టే నెత్తిన వేస్తాది.

20 లీటర్ల నీళ్ల క్యాను కూడా బాగుంటాది. నిండా ఉంటే ఇరవై కిలోలు. దాని మెడని అయిదు వేళ్లతో పైనుంచి పట్టుకొని ఎత్తు. మెడ తడిగా ఉంటే మాత్రం వద్దు. పగిలితే క్యాను డబ్బులు ఎవడిస్తాడు?

టంగుటూరు కుర్రోడు

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఫిజియో మేడమ్ దగ్గరికే వచ్చేట్టున్నాను. వారంలో ఏ రోజు ఏది చేయాలో చెప్పండన్నా. రైల్వే ఫిజికల్‌లో 35 కిలోలు మోయాలి కదా, దానికి వేరేగా ఏమైనా చేయాలా?

చీమకుర్తి రాయి

అన్నీ వద్దు. డెడ్‌లిఫ్ట్ రోజున చివర్లో పదిహేను సెకన్ల పట్టు, ఆ తర్వాత ప్లేట్లు నొక్కి పట్టడం చేతికి మూడుసార్లు. మళ్లీ మూడు నాలుగు రోజుల తర్వాత, వీపు చేసే రోజున లావు పైపుకి వేలాడటం, తువ్వాలు నడక. రొయ్యల తమ్ముడి పైపు రోలర్ నచ్చితే తువ్వాలు బదులు అది పెట్టుకో, రెండూ కలిపి కాదు. ఎడమ చేయి వెనకబడింది కదా అని దానికి ఎక్కువ చేయొద్దు. ప్రతిదీ ఎడమతో మొదలుపెట్టు, అది ఎంత చేస్తే కుడికి కూడా అంతే.

స్ట్రాప్స్ సంగతి చెప్తానన్నా కదా. వార్మప్ నుంచి నీ చేయి ఆగినంత బరువు దాకా ఉత్త చేతులు. చేయి ఆగని బరువు దగ్గర నుంచి స్ట్రాప్స్. అట్టా అయితే చేయి కోసం వీపు ఆగదు, వీపు కోసం చేయి సోమరి కాదు. పోటీలకి పోవాలని ఉంటే మాత్రం డెడ్‌లిఫ్ట్‌కి స్ట్రాప్స్ ఒప్పుకోరు, అది మనసులో పెట్టుకో.

చెమటకి, చాక్ అంటే బ్లాక్‌బోర్డు సుద్దముక్క నూరింది కాదు, మెగ్నీషియం కార్బొనేట్. అదే ద్రవంగా చిన్న సీసాల్లో కూడా వస్తుంది, రాసుకుంటే ఆరిపోతుంది, మ్యాటు మీద రాలేది తక్కువ. మీ ఓనరుకి అది చూపించి అడుగు. కాదంటే పొడి గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకొని ప్రతి సెట్టు ముందూ చేతులూ రాడ్డూ తుడువు. ముఖానికేసే పౌడరు మాత్రం చేతులకి రాయొద్దు, ఇంకా జారుతుంది. కాయలు బాగా లేస్తే స్నానం చేసేటప్పుడు మెత్తబడ్డాక గరుకు రాయితో పైపైన రుద్దు, బ్లేడుతో కోయొద్దు.

రైల్వే వాళ్లది మగపిల్లలకి 35 కిలోలు 100 మీటర్లు, రెండు నిమిషాల్లో, మధ్యలో దించకుండా, ఒకటే అవకాశం. ఆడపిల్లలకి 20 కిలోలు. 110 లాగే వాడివి, బరువు నీకు లెక్క కాదు. లెక్క ఏంటంటే దానికి పిడి ఉండదు. నువ్వు ఇన్నాళ్లూ పట్టింది గుండ్రటి ఇనుము, అక్కడ చేతికొచ్చేది ఇసక మూట. ఇంట్లో యూరియా గోతం ఉంటుంది కదా, తూకం వేసి 35 కిలోల ఇసక పోసి మూతి కట్టు. మూతి దగ్గర కాకుండా పక్కల గుడ్డని గుప్పెళ్లతో పట్టి నేల మీద నుంచి ఛాతీకి, ఛాతీ నుంచి భుజానికి ఎత్తడం నేర్చుకో. మీ ఊరి రోడ్డు మీద కాలికి తగిలే రాళ్లు లేని చోట వంద మీటర్లు కొలుచుకొని నడువు. తువ్వాలు చేసిన చేతికి గోతం కొత్తగా ఉండదు. దీని గోలలో పడి 1000 మీటర్ల పరుగు మర్చిపోకు, అది 4 నిమిషాల 15 సెకన్లు. ఊళ్లో కుర్రాళ్లు ఎక్కువ పోయేది అక్కడే, మూట దగ్గర కాదు.

టంగుటూరు కుర్రోడు

సరే అన్నా. ఒకటే అడుగుతా, ఆ గెలాక్సీ ముక్కలు రెండు దొరుకుతాయా? ప్లేట్లు ఎప్పుడూ ఎవడో ఒకడు బెంచ్ ప్రెస్‌కి పట్టుకుపోతాడు, ఇంట్లో పెట్టుకుంటా.

చీమకుర్తి రాయి

చీమకుర్తి రోడ్డు మీద ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరన్నా అడుగు, అంచు పగిలిన వేస్టు ముక్కలు గుట్టలు గుట్టలుగా పడుంటాయి. బీట వారినవి తీసుకోవద్దు, వేలితో తట్టి చూడు, ఖంగుమంటే మంచిది. అంచులు కత్తిలా ఉంటాయి కాబట్టి అక్కడే కట్టర్ అతన్ని అడిగి నాలుగు పక్కలా కొన తీయించుకో. ఇంట్లో చేసేటప్పుడు కింద పాత పరుపో గోనె సంచులో వేసుకో. టైల్స్ మీద ఒక్కసారి పడిందంటే ముక్క పోతుంది, టైలూ పోతుంది, ఆ పైన మీ నాన్న ఉంటాడు.